‘నాస్టీ’ – ‘గలీజు’: ఏవగింపు పదాల అర్థపరిణామం, ఒక నైతిక విచారణ

ఇంగ్లీషు నుండి తెలుగు సంభాషణలోకి వచ్చి స్థిరపడిన విశేషణాల్లో ‘నాస్టీ’ ఒకటి. కోపం వచ్చిన అధికారి నోట అది ‘నాస్టీ ఫెలో’ అన్న తిట్టు. క్రికెట్ వ్యాఖ్యానంలో ‘నాస్టీ బౌన్సర్’ అంటే బ్యాట్స్‌మన్ తలను లక్ష్యం చేసుకుని లేచిన బంతి. ఒక మనిషి స్వభావాన్నీ, ఒక బంతి గమనాన్నీ, చెడిన వాతావరణాన్నీ, కుళ్ళిన వాసననూ ఒకే పదం చెప్పగలుగుతోంది. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లతోపాటు గోదావరి అవతలి ఒడ్డున గోదావరిఖని, రామగుండం వరకు విస్తరించిన బొగ్గుగనుల ప్రాంతంలో ఈ పనినంతా చాలాకాలంగా ‘గలీజు’ అనే పదం చేస్తున్నది. బట్టలు గలీజైతయి, మాటలు గలీజు మాటలైతయి, మనిషి గలీజోడైతడు.

ఈ మూడు ప్రయోగాల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం. బట్టకు అంటిన మురికిని చెప్పే పదం మనిషి గుణాన్ని ఎలా చెప్పగలుగుతుంది? చెప్పినప్పుడు అది రుజువు ఏదీ చూపకుండానే తీర్పు ఇస్తున్నదా? అర్థవిజ్ఞానం మొదటి ప్రశ్నకు సమాధానం చెబుతుంది. రెండవది నీతిశాస్త్రానికి చెందిన ప్రశ్న. ఒళ్ళంతా మసితో గని నుండి పైకి వచ్చే మనుషుల ఊళ్ళలో ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూడడం సాధ్యం కాదు.

‘నాస్టీ’ ఇంగ్లీషులో క్రీస్తుశకం 1400 ప్రాంతం నుండి కనిపిస్తుంది. తొలి అర్థం కేవలం భౌతికం: మురికిగా, కంపుగా ఉన్నది. వ్యుత్పత్తి విషయంలో ఏకాభిప్రాయం లేదు. పక్షిగూడులా మలినమైనది అన్న అర్థమిచ్చే డచ్చి పదంతో కొందరు దీనికి సంబంధం చూపారు. పాత ఫ్రెంచిలో నీచుడు, చెడ్డవాడు అన్న అర్థంలో ఉన్న ‘విలెనాస్త్ర్’ అనే పదం కుదించుకుపోగా మిగిలిన రూపం ఇది అని మరికొందరు ప్రతిపాదించారు. ఈ రెండవ ప్రతిపాదనే నిజమైతే దాని మూలం మనల్ని ఒకచోట ఆపుతుంది. ‘విలెనాస్త్ర్’కు ఆధారం ‘విలెన్’. ఆ పదానికి మొదటి అర్థం భూస్వామి పొలంలో పనిచేసే పల్లెవాడు. మన సినిమాల ‘విలన్’ కూడా ఆ వంశంవాడే. పల్లెలో మట్టి పని చేసే మనిషి పేరు దుర్మార్గుడి పేరుగా మారడం అర్థాపకర్షానికి పాఠ్యగ్రంథాల్లో ఇచ్చే ఉదాహరణ. దాన్ని అర్థపరిణామంలో ఒక రకంగా మాత్రమే బోధించి ఊరుకోవడం సరిపోదని నా అభిప్రాయం. అపకర్షం పొందింది పదమొక్కటే కాదు.

థామస్ హాబ్స్ 1651లో వెలువరించిన ‘లెవియాథన్’లో, రాజ్యవ్యవస్థ లేని స్థితిలో మనిషి బతుకు ఎలా ఉంటుందో చెప్పడానికి వాడిన అయిదు విశేషణాల్లో మూడవది ‘నాస్టీ’. తత్త్వశాస్త్రంలో ఈ పదానికి దక్కిన అత్యంత ప్రసిద్ధమైన స్థానం ఇదే. అక్కడ దాని విశేష్యం ‘బతుకు’. ఆ బతుకు బతికే మనిషిని హాబ్స్ ఆ పదంతో పిలవలేదు. వాతావరణానికి, తర్వాత సాధారణమైన అప్రియత్వానికి, పందొమ్మిదో శతాబ్దం నాటికి ద్వేషబుద్ధి గల మనిషికి ఆ పదం విస్తరించింది. విస్తరించే కొద్దీ మురికి అన్న మూలార్థం పలుచబడింది. కానీ మురికిని చూసినప్పుడు పుట్టే వెనకడుగు మాత్రం అందులో అలాగే మిగిలింది. ఇవాళ ‘నాస్టీ ఫెలో’ అన్నవాడు ఎదుటి మనిషి ఏ తప్పు చేశాడో చెప్పడు. ఆ మనిషి దగ్గర నిలబడలేనని మాత్రం చెబుతాడు.

‘గలీజు’ చరిత్ర వేరు, గమ్యం ఒకటే. అరబ్బీలో ‘గలీజ్’ అంటే మందమైనది, దళసరిది, గట్టిది, మోటైనది. ఖురాన్‌లో వివాహబంధాన్ని దృఢమైన ఒడంబడికగా చెప్పే చోట ఉన్న విశేషణం ఇదే. పారశీకం మీదుగా ఉర్దూకు వచ్చేసరికి మలినం అన్న అర్థం ముందుకు వచ్చింది. ‘గలాజత్’ అంటే అశుద్ధం. ఉర్దూ పాలనాభాషగా ఉన్న నిజాం రాష్ట్రంలో ఈ పదం తెలుగు పల్లెల దాకా చేరింది. చేరాక తెలుగు ప్రత్యయాలు తొడుక్కొని ‘గలీజుగ’, ‘గలీజుతనం’, ‘గలీజోడు’, ‘గలీజుది’ అయింది. పవిత్రమైన ఒడంబడికకు విశేషణమైన మాట మురికికాలువకు విశేషణం కావడంలో అపకర్షం ఉంది. ఆ తరువాతి మెట్టు, అంటే మురికి నుండి మనిషికి మారడం, ‘నాస్టీ’కి జరిగినట్టే జరిగింది. పరస్పర సంబంధం లేని రెండు భాషల పదాలు ఒకే దారిలో నడిచాయంటే ఆ దారి ఏ ఒక్క భాషకో పరిమితం కాదని అనుకోవలసి ఉంటుంది.

అనుభవించేవాడు, అనుభవానికి విషయం

తెలుగులో ఏవగింపును చెప్పే పాత పదాలను దగ్గరగా చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ‘అసహ్యం’ అంటే సంస్కృతంలో సహింపరానిది. అసహ్యమైన వేడి ఉండవచ్చు, అసహ్యమైన దుఃఖమూ ఉండవచ్చు, వాటిలో రోత ఏమీ లేదు. తెలుగులో ఆ పదానికి అర్థసంకోచం కలిగి ఏవగింపు ఒక్కటే మిగిలింది. అయినా దాని నిర్మాణంలో సహించలేనివాడు ఒకడు దాగి ఉన్నాడు. ‘జుగుప్స’ కూడా అటువంటిదే. దాచడం, కాపాడడం అన్న అర్థం గల ‘గుప్’ ధాతువుకు ‘సన్’ ప్రత్యయం చేరి ఏర్పడిన రూపం అది. వ్యాకరణ సంప్రదాయం ఇక్కడ ఆ ప్రత్యయానికి నిందార్థం చెప్పింది. ధాతువులోని భావాన్ని కూడా తోడు తీసుకుంటే, తనను కాపాడుకోవడానికి వెనక్కు తగ్గే మనిషి అందులో కనిపిస్తాడు. జుగుప్స దేనివల్ల కలుగుతుందో దానికి అపాదాన సంజ్ఞ విధించి పంచమీ విభక్తి చెప్పిన వార్తికం ఈ ఊహకు బలమిస్తుంది. చెట్టునుండి ఆకు విడిపోయినట్టు, మనిషి ఒకదానినుండి విడివడుతున్నాడు. భరతుడు బీభత్స రసానికి స్థాయిగా చెప్పింది కూడా ఈ జుగుప్సనే, అంటే అనుభవించేవాడిలో ఉన్న భావాన్నే.

వాక్యనిర్మాణంలో ఇది మరింత స్పష్టం. ‘నాకు అసహ్యం వేసింది’, ‘నాకు రోత పుట్టింది’ అన్న వాక్యాల్లో అనుభవించేవాడు చతుర్థీ విభక్తిలో ఉన్నాడు. ఆకలి, దాహం, భయం, జ్వరం వచ్చే నిర్మాణమే ఇది. జ్వరం నాకు వచ్చినందుకు పక్కవాడిని ఎవరూ నిందించరు. ‘అది అసహ్యంగా ఉంది’ అన్నప్పుడు అనుభవించేవాడు వాక్యం నుండి తప్పుకున్నాడు, భావం వస్తువుకు గుణమైంది. ‘వాడు అసహ్యమైనవాడు’ అన్నప్పుడు ఆ గుణం మనిషి స్వభావమైంది. మొదటి వాక్యం సాక్ష్యం, మూడవది తీర్పు. నడుమనున్న వాక్యం ఎవరికీ అనుమానం రాకుండా ఆ రెంటినీ కలిపే వంతెన. ‘నాస్టీ’కి మొదటి వాక్యం చెప్పే వీలు ఇంగ్లీషులో లేదు. తెలుగులో ‘గలీజు’తో కూడా ఆ పని కష్టంగానే జరుగుతుంది. ‘నాకు గలీజు అనిపిస్తాంది’ అనాలంటే ‘అనిపించు’ను సాయం తెచ్చుకోవాలి. పుట్టుకలోనే వస్తువును పట్టుకున్న పదాలు ఇవి.

అయితే మన వ్యాకరణం నీతిని కాపాడిందని దీన్నిబట్టి సంతోషపడడానికి లేదు. ‘ఛండాలంగా ఉంది’ అన్న ఒక్క ప్రయోగం చాలు ఆ సంతోషాన్ని చెరపడానికి. కూర మాడినా, సినిమా బాగాలేకపోయినా, గది చిందరవందరగా ఉన్నా తెలుగువాళ్ళు ఈ మాట అంటారు. అనేవారిలో చదువుకున్నవారు తక్కువేమీ కాదు. ధర్మశాస్త్రాలు ఊరి వెలుపల ఉంచిన మనుషుల పేరు ఇక్కడ ఒక కూర రుచికి విశేషణమైంది. వీరు పట్టణంలోకి వచ్చేటప్పుడు కొయ్యను కొట్టి చప్పుడు చేసేవారనీ, అది విని ఇతరులు తొలగిపోయేవారనీ అయిదో శతాబ్దంలో భారతదేశాన్ని సందర్శించిన చైనా యాత్రికుడు ఫాహియాన్ నమోదు చేశాడు. ‘గలీజు’ మురికి నుండి మనిషికి వెళ్ళింది. ‘ఛండాలం’ మనిషి నుండి మురికికి వచ్చింది. దిశ తిరగబడడంలోనే అసలు సంగతి ఉంది. ఇక్కడ మనిషిని ముందే మురికిగా నిర్ణయించారు, ఆ తరువాత మురికికి అతని పేరు పెట్టారు. ‘అసహ్యం’, ‘జుగుప్స’ వంటి అనుభవిత ప్రధానమైన పదాలు గల భాషే ఈ పదాన్నీ కన్నది. చతుర్థీ విభక్తి ఎవరినీ రక్షించలేదు.

బొగ్గు, మసి, మనిషి

తెలుగు సామెతల్లో బొగ్గుకు మంచి పేరు లేదు. పాలతో కడిగినా బొగ్గు తెల్లబడదన్నది మారని దుష్టస్వభావానికి చెప్పే సామెత. మసిపూసి మారేడుకాయ చేయడం మోసం. ‘మచ్చ’, ‘మరక’, ‘మసిబారిన పేరు’ అన్నీ నైతికమైన నిందలు. బొగ్గు ఎరగని ఊళ్ళలో, వంటచెరకు బొగ్గును మాత్రమే చూసినవారు పుట్టించిన మాటలివి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించడం, 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ నెలకొనడం, అటుపైన గనులు గోదావరి తీరానికి, బెల్లంపల్లికి పాకడం — ఈ క్రమంలో తెలంగాణలో ఒక కొత్త సమాజమే తయారైంది. ఆ సమాజానికి పాత సామెత సరిపోలేదు. బొగ్గు ‘నల్లబంగారం’ అయింది. దాన్ని తవ్వేవాడు ‘నల్లసూరీడు’ అయ్యాడు. గనికి పేరు ‘బాయి’. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన రోజుల నుండి యంత్రాలు వచ్చిన ఇప్పటిదాకా బాయి పనికి పోవడం ఈ ప్రాంతంలో ఒక గౌరవస్థానం. ముఖాన మసి ఉన్నవాడికి ‘గలీజోడు’ అన్న పేరు ఇక్కడ అతకదు. మసి పనికి గుర్తు. డ్యూటీ దిగి నీళ్ళు పోసుకుంటే అది పోతుంది.

బొగ్గుగనుల దేశాలన్నిట్లో ఇది ఇంత తేలికగా జరగలేదు. జార్జ్ ఆర్వెల్ 1937లో ప్రచురించిన ‘ద రోడ్ టు విగన్ పియర్’లో ఉత్తర ఇంగ్లండు గనికార్మికుల జీవితాన్ని వర్ణిస్తూ, శ్రామికులు కంపు కొడతారని తమ వర్గపు పిల్లలకు చిన్ననాడే నేర్పేవారని రాశాడు. వాదంతో పోగొట్టగలిగిన అభిప్రాయం కన్నా ముక్కుకు నేర్పిన అభిప్రాయం మొండిదని అతని అభిప్రాయం. గని మొగదల స్నానాల గదులు కట్టిన చోట కార్మికులు వాటిని వాడుకుంటున్నారనీ, చాలాచోట్ల ఆ గదులే లేవనీ అతను గమనించాడు. మురికిగా ఉండడం స్వభావం కాదు, నీళ్ళు లేకపోవడమని చెప్పడానికి స్నానాల గది కన్నా బలమైన వాదం నాకు తెలియదు.

నల్లసూరీడి కథ ఇంతటితో ఆగితే బాగుండేది. మసికి గౌరవం దక్కినంత మాత్రాన గనుల పట్టణాల్లో ప్రతి మురికికీ ఆ గౌరవం దక్కలేదు. దీనికి స్పష్టమైన నిదర్శనం మన రాష్ట్రాలకు బయట, కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల పట్టణంలో ఉంది. అక్కడి తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ కుటుంబీకులు ఆ పట్టణంలోని పొడి మరుగుదొడ్లను చేతులతో శుభ్రం చేసే పని చేశారు. ఆ పనిని నిర్మూలించాలని ఆయన నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ దేశమంతటా విస్తరించింది, 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఒకే పట్టణం, ఒకే గని ఆధారంగా బతికిన రెండు రకాల మనుషులు. ఒకరు భూమి లోపలి మట్టితో పైకి వచ్చారు, మరొకరు ఆ మట్టి మనుషుల మలంతో. ఇద్దరి పనీ పట్టణానికి అవసరమైనదే, ఇద్దరి ఒంటి మీదా మురికే. ఒకరి మురికి నీళ్ళు పోసుకుంటే పోయింది, రెండవవారిది తరాలు గడిచినా పోలేదు. ఈ తేడాకు కారణం వాసన అయితే సబ్బు దాన్ని పోగొట్టి ఉండేది. రోగభయమే కారణమైతే ఆ పని చేసేవారి కాపుదల గురించి ఆలోచన ముందుగా పుట్టి ఉండేది. మిగిలే కారణం పుట్టుక ఒక్కటే. ఏవగింపు మురికిని చదువుతున్నట్టు నటిస్తూ కులాన్ని చదువుతున్నది.

మార్తా నుస్‌బామ్ 2004లో ప్రచురించిన ‘హైడింగ్ ఫ్రమ్ హ్యుమానిటీ’లో ఏవగింపును చట్టానికి ఆధారం చేయరాదని వాదించినప్పుడు ముఖ్యంగా పట్టించుకున్నది ఇటువంటి ఆరోపిత జుగుప్సనే. మలం, శవం, కుళ్ళు వంటివాటి పట్ల కలిగే ప్రాథమిక జుగుప్సను ఒక జనసమూహం మీదికి మళ్ళించడం అది. కోలార్ ఉదాహరణ ఆమె వాదానికి పూర్తిగా సరిపోతుంది.

కనిపించే మసి, కనిపించని దుమ్ము

ఏవగింపు అమాయకులను నిందిస్తుందన్నది దాని దోషాల్లో సగం మాత్రమే. రెండవ సగం గనుల ప్రాంతంలో ఉన్నవారికే బాగా తెలుస్తుంది: నిజమైన హాని ఎదురుగా ఉన్నా అది కొన్నిసార్లు పసిగట్టలేదు. నేడు సింగరేణి ఉత్పత్తిలో అధికభాగం ఓపెన్‌కాస్ట్ గనులదే. ఓసీపీల దగ్గరి ఊళ్ళలో ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందెల మీద, చెట్ల ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది. ‘దుమ్ము గలీజుగ పడ్తాంది’ అన్నది దానిని చెప్పే సహజమైన వాక్యం. అది బట్టల గురించి, బిందెల గురించి సత్యమే. కానీ ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరేది కంటికి కనిపించే దుమ్ము కాదు, కనిపించనంత సన్ననిది. ఏళ్ళ తరబడి పీల్చిన బొగ్గుధూళి ఊపిరితిత్తులను గట్టిపరిచే న్యుమోకోనియోసిస్ వ్యాధి, 1952 గనుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల్లో ఒకటి. ఆ సన్నని దుమ్ముకు వాసన లేదు, రంగు తెలియదు, దాన్ని చూసి ఎవరికీ రోత పుట్టదు. ‘గలీజు’ అనే పదం ఎంతో గట్టిగా పలికే చోట హాని తక్కువగానూ, అది అసలు పలకని చోట హాని ఎక్కువగానూ ఉండవచ్చునన్నమాట.

ఇంగ్లీషులో ‘న్యూసెన్స్’ అనే పదం ఇదే తికమకను తన చరిత్రలోనే మోస్తున్నది. హాని చేయడం అన్న అర్థం గల లాటిన్ క్రియ నుండి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ మాటకు మొదట అర్థం గాయం, నష్టం. క్రమంగా అది చికాకు స్థాయికి దిగింది. తెలుగులో ‘న్యూసెన్స్ కేసు’ అంటే తాగి వీధిలో అల్లరి చేసినవాడి మీద పెట్టే చిన్న కేసుగానే జనానికి తెలుసు. అయితే భారత శిక్షాస్మృతిలోని 268వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 270వ సెక్షన్, ప్రజాబాధకు ఇచ్చిన నిర్వచనంలో గాయాన్నీ ప్రమాదాన్నీ చికాకునూ ఒకే వరుసలో నిలిపాయి. చట్టంలో హాని ఇంకా ఉంది, వాడుకలో చికాకు మాత్రమే మిగిలింది. ఊపిరికి హాని కలిగినవాడు తన ఫిర్యాదును ‘గలీజు’ అనో ‘న్యూసెన్స్’ అనో చెప్పినప్పుడు, వినేవారికి ఊడ్చి నీళ్ళు చల్లితే తీరిపోయే ఇబ్బందిగా అది వినిపించే ప్రమాదం ఉంది. రెండు చుక్కల నీళ్ళు చల్లి కేసు మూసేయవచ్చు. ఇది పదాల చర్చే అయినా దాని ఫలితం ఊపిరితిత్తుల్లో తేలుతుంది.

దీనికి ఎదురుగా నిలిచే వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. లియోన్ కాస్ 1997లో రాసిన వ్యాసంలో, కొన్ని ఘోరాల ముందు మనలో పుట్టే ఏవగింపు తర్కం చెప్పలేని వివేకాన్ని చెబుతుందని వాదించాడు. ఆయన ఆ వ్యాసంలో తీసుకున్న విషయం మానవ క్లోనింగ్, దానితో మనకు ఇక్కడ పని లేదు. వాదంలోని సారాన్ని మాత్రం కొట్టిపారేయలేం. అనాథ పిల్ల మీద జరిగిన అఘాయిత్యం విని రోత పుట్టనివాడికి హానిని లెక్కగట్టి చూపినా ఏం తెలుస్తుంది? గనుల ప్రాంతపు వాడుకలో కూడా ‘గలీజు పని’ అన్న ప్రయోగానికి మంచి బలం ఉంది. చచ్చినవాడి కుటుంబానికి రావలసిన డబ్బులో వాటా అడగడం గలీజు పని. ఇక్కడ ఆ పదాన్ని తీసేసి ‘అన్యాయం’ అని పెడితే వాక్యం చల్లబడిపోతుంది.

కానీ ఈ ఉదాహరణలో ఒక సంగతి గమనించాలి. ‘గలీజు’ తీసేసినా చెప్పడానికి ఇంకా మాట మిగిలింది: చచ్చినవాడి డబ్బులో వాటా అడిగాడు. ఎవరు, ఎవరికి, ఏమి చేశారన్నది తెలుస్తున్నది. పదం ఆ చర్య మీద వచ్చిన కోపాన్ని మోస్తున్నది, చర్యకు బదులుగా నిలబడడం లేదు. ‘గలీజోడు’ నుండి ‘గలీజు’ తీసేస్తే మిగిలేది ‘వాడు’ మాత్రమే. ‘నాస్టీ ఫెలో’లో విశేషణం తీసేస్తే మిగిలేది ‘ఫెలో’. ‘ఛండాలంగా ఉంది’లో ఆ పదాన్ని తీస్తే కూర గురించి తెలిసేది ఏమీ ఉండదు, ఉప్పు ఎక్కువైందో అడుగంటిందో కూడా. కాస్ వాదం మొదటి రకానికి నిలుస్తుంది, మిగిలినవాటికి నిలవదు. ఏవగింపుకు నోరు మూయించమని నా ఉద్దేశం కాదు. దానిని వాంగ్మూలంగా తీసుకోవచ్చు, కాని వాంగ్మూలమిచ్చిన సాక్షినే న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెట్టకూడదు.

తెలుగు సాహిత్యంలో ఈ సంగతిని అందరికన్నా పదునుగా పట్టుకున్నవాడు గుర్రం జాషువ. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో ఆయన దళితుడి సందేశాన్ని శివుడికి మోసుకుపోయే దూతగా మేఘాన్నో హంసనో ఎంచుకోలేదు. ఇంట్లోకి వస్తే అశుభమని లోకం వెళ్ళగొట్టే గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. మనిషిని గుడిలోకి రానివ్వని ఏవగింపు, చూరుకు వేలాడే గబ్బిలాన్ని గుడిలో ఎలా సహిస్తున్నదన్న ప్రశ్న ఆ ఎంపికలోనే ఉంది. దూతకావ్య సంప్రదాయం తెలిసిన పాఠకుడికి ఆ ప్రాణి పేరు వినగానే కలిగే చిన్న వెనకడుగు కూడా కావ్యార్థంలో భాగమే.

ఇక మన శాఖల పరిధిలోని పని ఒకటి ఉంది. ఆధునిక తెలుగు నిఘంటువుల్లో ‘ఛండాలం’ అన్న ఆరోపానికి ‘అసహ్యకరం, బాగాలేనిది’ వంటి అర్థం మాత్రమే ఇచ్చి వదిలితే, అది ఏ మనుషుల పేరో, ఏ చరిత్ర వల్ల విశేషణమైందో వాడేవారికి తెలిసే మార్గం ఉండదు. పదాన్ని తొలగించడం నిఘంటుకారుడి పని కాదు, వాడుకలో ఉన్నదాన్ని నమోదు చేయాలి. కాని వ్యుత్పత్తినీ నిందార్థ సూచననూ దాని పక్కన చేర్చడం అతని పనే. ‘గలీజు’ ఆరోపం కింద బట్టకూ, మాటకూ, మనిషికీ వేర్వేరు అర్థసంఖ్యలు ఇచ్చి, మూడవదానికి ‘నిందార్థంలో’ అన్న గుర్తు పెట్టవలసి ఉంటుంది. మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతాల నుండి వృత్తిపదకోశం కోసం ‘బాయి’, ‘తట్టా చెమ్మస్’ వంటి మాటలను సేకరించే పరిశోధకులు పనిముట్ల పేర్లతోనే ఆగకుండా, మసిని, దుమ్మును, బురదను, చెమటను కార్మికులు ఏ క్రియలతో, ఏ విభక్తులతో చెబుతారో కూడా రాసుకోవాలి. ‘మసి పట్టింది’, ‘మసి అయింది’, ‘మసి కొట్టుకపోయింది’ అన్న మూడింటిలో మసికీ మనిషికీ ఉన్న దూరం ఒకటి కాదు.